శనివారం, రొయ్యలు, సున్నతి: మేము ధర్మశాస్త్రం పాటించాలా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపురం. తెలుగు బాప్టిస్టు కుటుంబం. మా ఆయనకు కిరాణా కొట్టు ఉంది, కొండ సరుకు కూడా కొంటారు. ఏడాదిగా ఫోన్లో ఎవరో బోధకుడి వీడియోలు చూసి పూర్తిగా మారిపోయారు. మోషే ధర్మశాస్త్రం అందరిదీ అట, అది పాటించకపోతే యేసును నమ్మినా లాభం లేదట. శనివారం కొట్టు మూసేస్తున్నారు. పనికుర్రాణ్ని మాత్రం ఆ రోజే సరుకు కోసం పార్వతీపురం పంపిస్తున్నారు. ఆదివారం చర్చికి రావడం మానేశారు. ఇంట్లో రొయ్యలు, పీతలు, వాలుగ చేప, పంది మాంసం వండొద్దన్నారు. మా అత్తగారి ఎండురొయ్యల డబ్బా తీసుకెళ్లి వీధిలో పారబోశారు. ఆవిడ ఆ రోజు నుంచి మా ఆడపడుచు ఇంట్లోనే తింటోంది. ఇప్పుడు మా ఎనిమిదేళ్ల బాబుకి వేసవి సెలవుల్లో సున్నతి చేయించాలంటున్నారు. పాస్టరుగారికి చెబితే, విశ్రాంతిదినం పాటించేవాడు కృపలోనుంచి పడిపోయినట్టేనని ఆయనకు ప్రభురాత్రి భోజనం ఆపేశారు. ఎవరి మాట నిజం? మేము రక్షణ పోగొట్టుకుంటామా? బాబు విషయంలో ఏం చేయను? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, సెలవులు దగ్గర పడుతున్నాయి కాబట్టి ముందు బాబు సంగతి చెబుతాను. దేవుని కోసమని, రక్షణ కోసమని వాడికి సున్నతి చేయించనక్కరలేదు. చేయించవద్దు కూడా. సరిగ్గా ఈ ప్రశ్న మీదే అపొస్తలులు యెరూషలేములో కూర్చుని తీర్పు చెప్పారు, అది బైబిల్లోనే ఉంది. రేపు మీరు మీ ఆయన ముందు ఆ అధ్యాయం తెరిచి మాట్లాడవలసి వస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం. క్రీ.శ. 49 ప్రాంతంలో జరిగిన సంగతి. అంతియొకయలో యూదులు కానివాళ్లు చాలామంది యేసును నమ్మారు. యూదయ నుంచి కొందరు వచ్చి, మోషే నియమం ప్రకారం సున్నతి పొందకపోతే మీకు రక్షణ లేదని వాళ్లకు బోధించారు. మీ ఆయన ఫోన్లో వింటున్నది ఇదే బోధ. పౌలు, బర్నబా వాళ్లతో గట్టిగా వాదించారు. అక్కడ తేలక యెరూషలేముకు వెళ్లారు. అక్కడ కూడా, ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే పరిసయ్యుల్లో విశ్వాసులైనవాళ్లు కొందరు లేచి, వీళ్లకు సున్నతి చేయించాలి, ధర్మశాస్త్రం పాటించమని ఆజ్ఞాపించాలి అన్నారు. ఆ మాటన్నవాళ్లు కూడా యేసును నమ్మినవాళ్లే. వాళ్ల వాదన తేలిగ్గా తీసిపారేసేదీ కాదు. సున్నతి నిత్య నిబంధన అని ఆదికాండము 17లో రాసే ఉంది. అందుకే మీ ఆయన్ని తెలివితక్కువ మనిషని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆయన అడుగుతున్న ప్రశ్న చాలా పాతది, బరువైనది.

అప్పుడు పేతురు లేచి కొర్నేలీ ఇంట్లో జరిగింది చెప్పాడు. కొర్నేలీ రోమా సైన్యంలో శతాధిపతి. అతని ఇంట్లో వాక్యం చెబుతుండగానే, సున్నతి లేని ఆ మనుషుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చాడు. దేవుడు వాళ్లకూ మనకూ తేడా పెట్టలేదు, మన పితరులూ మనమూ మోయలేని కాడిని వీళ్ల మెడ మీద ఎందుకు పెడతారు అని పేతురు అడిగాడు. చివరికి యెరూషలేము సంఘ పెద్ద యాకోబు తీర్పు చెప్పాడు, సంఘమంతా ఒప్పుకుని ఒక ఉత్తరం రాసింది. అందులో నాలుగు సంగతులే ఉన్నాయి: విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం. వీటికి దూరంగా ఉండండి, ఇంతకు మించిన భారం మీ మీద మోపకూడదని పరిశుద్ధాత్మకూ మాకూ తోచింది అని రాశారు. అదే ఉత్తరంలో ఇంకో మాట ఉంది. మేము పంపకుండానే కొందరు వచ్చి మీ మనసులు చెడగొట్టారని విన్నాం అన్నారు. మీరు నిద్ర పట్టడం లేదని రాసినచోట నాకు ఆ వాక్యమే గుర్తొచ్చింది. ఉత్తరం చదివాక అంతియొకయ వాళ్లు సంతోషించారని 31వ వచనం. మీకు కూడా ఆ సంతోషం చెందుతుంది.

మీ ఆయన ఇక్కడ 21వ వచనం చూపిస్తారు. ప్రతి పట్టణంలో విశ్రాంతిదినాన సమాజమందిరాల్లో మోషేను చదువుతున్నారు అని యాకోబు అన్నమాట. ముందు నాలుగు మొదలుపెడితే, మిగతావి వారం వారం విని నేర్చుకుంటారని దాని అర్థమని ఈ బోధకులు చెబుతారు. 21వ అధ్యాయం దాకా చదివితే ఆ అర్థం నిలవదు. ఏళ్ల తర్వాత పౌలు మళ్లీ యెరూషలేముకు వచ్చాడు. యూదుల్లో నమ్మినవాళ్లు వేలమంది ఉన్నారు, అందరూ ధర్మశాస్త్రమంటే ఆసక్తిగలవాళ్లే అని యాకోబు, సంఘ పెద్దలు చెప్పారు. వెంటనే, నమ్మిన అన్యజనుల సంగతి మనం రాసి పంపాం కదా అని ఆ నాలుగే మళ్లీ చెప్పారు. ఇన్నేళ్లలో అయిదోది చేరలేదు. అదే సందర్భంలో పౌలు యూదుడిగా ఆలయంలో శుద్ధి ఆచారం జరిపించుకున్నాడు. యూదా విశ్వాసి తన ఆచారంతో, అన్యుడైన విశ్వాసి ఆ ఆచారం లేకుండా, ఇద్దరూ ఒకే ప్రభువు కింద ఉన్నారు.

మన వైపు చూస్తే ఈ విషయం సులువుగా అర్థమవుతుంది. మీ ఊరి చుట్టూ కొండల మీద సవర సంఘాలున్నాయి. వాళ్లు సవర భాషలో పాడుకుంటారు, ప్రార్థన చేసుకుంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్నారు. ఆ పిల్లలు చదువుకోవాలంటే ముందు తెలుగువాళ్లు కావాలని ఆయన అనలేదు, వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు. దేవుని ఇంట్లోకి రావాలంటే సవరవాడు ముందు తెలుగువాడో ఒడియావాడో కావాలని ఎవరైనా అంటే మీ ఆయనే ఊరుకోరు. గ్రీకువాడు ముందు యూదుడు కావాలా అన్నదే ఆనాటి ప్రశ్న. అక్కరలేదని అపొస్తలులు చెప్పారు.

స్వదేశికీ పరదేశికీ ఒకే విధి అని నిర్గమకాండము 12:49, సంఖ్యాకాండము 15:16 ఆయన తప్పకుండా ఎత్తుతారు. వీడియోల్లో ఎక్కువగా తిరిగేవి ఈ రెండు వచనాలే. పైనా కిందా కలిపి చదవమనండి. నిర్గమకాండములో విషయం పస్కా భోజనం. పరదేశి దాన్ని తినాలనుకుంటే సున్నతి పొందాలి, పొందనివాడు తినకూడదు. అంటే సున్నతి లేని పరదేశి ఇశ్రాయేలీయుల మధ్య బతకవచ్చన్నమాటే కదా. సంఖ్యాకాండములో విషయం దహనబలి, నైవేద్యం. ఇక ద్వితీయోపదేశకాండము 14:21 తెరవండి. తనంతట తాను చచ్చిన జంతువును మీరు తినకూడదు, మీ ఇంటి దగ్గరున్న పరదేశికి తినడానికి ఇవ్వవచ్చు అని ఉంది. పంది, పొలుసులు లేని చేపల నిషేధాలున్న అధ్యాయంలోనే ఈ మాట. తిండి విషయంలో ఇశ్రాయేలుకీ పరదేశికీ తేడా ధర్మశాస్త్రమే పెట్టింది.

పరదేశిని పేరుపెట్టి కట్టడి చేసిన నియమాలు లేవీయకాండము 17, 18 అధ్యాయాల్లో ఉన్నాయి. వేరే దేవతలకు బలులు, రక్తం తినడం, వేటాడినదాన్ని రక్తం ఒలికించకుండా తినడం, వావివరసలు తప్పిన సంబంధాలు. యెరూషలేము ఉత్తరంలోని నాలుగింటినీ వీటి పక్కన పెట్టి చూడండి. యాకోబు తన మనసుకు తోచినవేవో నాలుగు ఏరలేదని, లేవీయకాండము ఎరిగే చెప్పాడని నాకు అనిపిస్తుంది. ధర్మశాస్త్రం మీద నిజంగా గౌరవమున్న మనిషికి ఈ సంగతి చూపిస్తే ఆలోచిస్తాడు. మీ ఆయనకు ఆ గౌరవం ఉంది.

యూదులు కూడా ఇదే చెబుతారు. ధర్మశాస్త్రంలో 613 ఆజ్ఞలున్నాయని వాళ్ల రబ్బీల లెక్క. ఆ 613 సీనాయి దగ్గర నిబంధన చేసుకున్న ఇశ్రాయేలుకే అంటారు. మిగతా ప్రజలకు నోవహు ద్వారా వచ్చినవి ఏడేనని వాళ్ల సంప్రదాయం: విగ్రహారాధన, దేవదూషణ, హత్య, జారత్వం, దొంగతనం కూడదు, బతికున్న జంతువు నుంచి కోసిన మాంసం తినకూడదు, న్యాయస్థానాలు పెట్టుకోవాలి. యూదులే మన మీద మోపని బరువును ఫోన్లో మాట్లాడే తెలుగు బోధకుడు మోపుతున్నాడు.

మనం ఇశ్రాయేలులో తప్పిపోయిన గోత్రాల వాళ్లమని ఆ బోధకుడు చెబితే అది వేరే ప్రశ్న. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అని పిలుచుకునే తెలుగు కుటుంబాలున్నాయి. తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని నమ్మి, యూదులుగానే బతుకుతున్నారు. వాళ్ల నమ్మకం వాళ్లది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. మీ ఇంట్లో అలాంటి వంశ సంప్రదాయం ఏదీ లేదు, వీడియో చూసి ఒక్క రాత్రిలో గోత్రం మారదు.

"ధర్మశాస్త్రాన్ని కొట్టివేయడానికి రాలేదు, నెరవేర్చడానికి వచ్చాను" అన్న యేసు మాట మత్తయి 5:17లో ఉంది. ఈ ఒక్క మాట దగ్గర మన చర్చిల్లో చాలామంది తడబడతారు. పాత నిబంధన అయిపోయింది, మనకెందుకు అనేస్తారు. అది తప్పు. యేసు ఆ మాట అన్నాక నరహత్య ఆజ్ఞను కోపం దాకా, వ్యభిచారం ఆజ్ఞను చూపు దాకా తీసుకెళ్లాడు. పునరుత్థానం తర్వాత సమస్త జనాలను శిష్యులుగా చేయమన్నప్పుడు, నేను మీకు ఏ ఏ సంగతులు ఆజ్ఞాపించానో వాటిని గైకొనమని బోధించండి అన్నాడు. సీనాయి దగ్గర ఇశ్రాయేలు ఇచ్చిన మాటలోకి మనల్ని చేర్చమని ఆయన చెప్పలేదు. ధర్మశాస్త్రం మన లేఖనం. దాన్ని చదివి దేవుని మనసు తెలుసుకుంటాం. మన రక్షణ మాత్రం క్రీస్తు మీద ఆనుకుని ఉంది. మీరు దాన్ని పోగొట్టుకోరు.

మొత్తం ధర్మశాస్త్రం పాటిస్తున్నామనేవాళ్లు ఒక్క సంగతి ఆలోచించాలి. పస్కా పశువును దేవుడు ఏర్పరచుకున్న స్థలంలోనే వధించాలి, సొంత ఊళ్లో వధించకూడదు అని ద్వితీయోపదేశకాండము 16లో ఉంది. అక్కడున్న యెరూషలేము ఆలయం క్రీ.శ. 70లో కూలిపోయింది. పురుషులు ఏటా మూడుసార్లు అక్కడికి వెళ్లాలన్న ఆజ్ఞ గుణుపురంలో కూర్చుంటే ఎలా నెరవేరుతుంది? రొయ్యల డబ్బా పారబోయడం సులువు. ఎంచుకున్న కొన్నిటిని పాటిస్తూ, అవి పాటించనివాళ్లకు రక్షణ లేదనడం ఏ లేఖనంలోనూ లేదు.

ఇక సున్నతి. అబ్రాము యెహోవాను నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అన్నమాట ఆదికాండము 15లో వస్తుంది. అప్పటికి ఇష్మాయేలు కూడా పుట్టలేదు. ఇష్మాయేలు పుట్టినప్పుడు అబ్రాము వయసు 86, సున్నతి పొందినప్పుడు 99. నీతిమంతుడని దేవుడు ఎంచాక పదమూడేళ్లు దాటితేగాని ఆ గుర్తు రాలేదు. రోమా 4లో పౌలు వాదనంతా దీని మీదే నడిచింది: సున్నతి లేకుండా నమ్మినవాళ్లకు కూడా అబ్రాహాము తండ్రే. తిమోతికి పౌలే సున్నతి చేయించాడు కదా అని మీ ఆయన అడగవచ్చు. తిమోతి తల్లి యూదురాలు. గ్రీకువాడైన తీతుకు మాత్రం ఎంత ఒత్తిడి వచ్చినా చేయించలేదని గలతీయులకు 2వ అధ్యాయంలో ఉంది. మీ బాబు స్థితి తీతుది. సున్నతి లేనివాడుగా పిలువబడినవాడు సున్నతి పొందకూడదని 1 కొరింథీయులకు 7:18 సూటిగా చెబుతుంది. పొందినవాడు ధర్మశాస్త్రమంతా నెరవేర్చాల్సిన బాధ్యత నెత్తికెత్తుకున్నట్టేనని గలతీయులకు 5:3.

కాబట్టి బాబు విషయంలో మెత్తబడకండి. వాడు ఎనిమిది రోజుల పసివాడు కాడు, ఎనిమిదేళ్లవాడు. అది ఆపరేషన్, వాడికి నొప్పీ భయమూ తెలుస్తాయి. తల్లిగా నాకిది ఇష్టం లేదని నెమ్మదిగానే, ఒక్క మాటగా చెప్పండి. బాబు వినేటట్టు వాదించుకోవద్దు. ఆయన ఎవరిచేతనైనా ఇంట్లోనే చేయించాలని చూస్తే ససేమిరా ఒప్పుకోకండి. ఆస్పత్రికి తీసుకెళ్తే తల్లికి ఒప్పుదల లేదని డాక్టరుకి చెప్పండి. ఆరోగ్య కారణంతో డాక్టరే చేయించమంటే అది వైద్యం, దానికీ ఈ గొడవకూ సంబంధం లేదు.

వంటింటి సంగతి చిన్నది కాదమ్మా. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. గలతీయులకు 2:11 నుంచి చదవండి. పేతురు అంతియొకయలో అన్యులతో కలిసి భోంచేసేవాడు. యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే భయపడి వేరుగా తినడం మొదలుపెట్టాడు, బర్నబా కూడా ఆయన వెనకే పోయాడు. పౌలు పేతురంతటివాణ్ని అందరి ముందు నిలదీశాడు. పేతురు పళ్లెంలో ఏముందన్నది అక్కడ పౌలు పట్టించుకోలేదు. కలిసి తినేవాళ్లు విడిపోయారు, సువార్త చెడింది అన్నాడు. ఈరోజు మీ అత్తగారు కొడుకు ఇల్లు వదిలి కూతురి ఇంట్లో తింటున్నారు. తల్లిదండ్రులను సన్మానించు అన్నది పది ఆజ్ఞల్లో ఒకటి. ఆయన వెళ్లి అమ్మను పిలుచుకురావాలి, పారబోసిన సరుకుకి క్షమాపణ అడగాలి. ధర్మశాస్త్రం పాటించాలనుకుంటే మొదలుపెట్టవలసింది అక్కడ.

ఆయన రొయ్యలు, పీతలు తిననంటే తినవద్దు. పప్పు, కూరలు, పొలుసులున్న చేప వేరే గిన్నెలో వండిపెట్టండి. అత్తగారు తన గిన్నెలో తనకు ఇష్టమైంది వండుకుంటారు. రోమా 14:3 ఇద్దరికీ సరిపోతుంది: తినేవాడు తిననివాణ్ని తృణీకరించకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు. ఎదురింటివాళ్లు అమ్మవారి పండగ మాంసం పంపితే మాత్రం, అది అర్పించినదని చెప్పి ఇచ్చినప్పుడు మర్యాదగా వద్దనండి. 1 కొరింథీయులకు 10:28 ఆ మాటే చెబుతుంది.

శనివారం కొట్టు మూయడం పాపమేమీ కాదు. అడ్వెంటిస్టు సంఘాలవాళ్లు శనివారమే ఆరాధిస్తారు, వాళ్లూ ప్రభువును నమ్మినవాళ్లే. అయితే ఆదివారాన్ని కాన్‌స్టంటైన్ చక్రవర్తి కల్పించాడన్న మాట నమ్మవద్దు. ఆయన 321లో ఆదివారం సెలవు చట్టం చేసిన మాట నిజం. అంతకు చాలా ముందే, రెండో శతాబ్దం నడుమ, రోములో ఉన్న జస్టిన్ అనే విశ్వాసి క్రైస్తవులు ఆదివారం కూడుకుంటున్నారని, ప్రభువు లేచిన రోజు అదేనని రాశాడు. మీ ఆయన శనివారం విశ్రాంతి తీసుకుని ఆదివారం మీతో చర్చికి రావచ్చు. రెండింటికీ పోటీ లేదు.

ఆ పనికుర్రాడి సంగతి మాత్రం ఆయన్ని అడగండి. ద్వితీయోపదేశకాండము 5:14లో నీవలె నీ దాసుడూ దాసీ విశ్రమించాలని ఉంది. యజమాని ఇంట్లో కూర్చుని కుర్రాణ్ని బస్సెక్కించి సరుకుకి పంపితే ఆ ఆజ్ఞ ఎక్కడ నిలిచినట్టు? కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13. న్యాయమైన త్రాసు, న్యాయమైన గుండ్లు ఉండాలని 19:36. చింతపండు, పసుపు, జీడిపిక్కలు మోసుకుని కొండ దిగి వచ్చే సవరవాళ్లకు తన కొట్లో కాటా ఎలా ఉందో, ధర ఎలా కడుతున్నారో ఆయనకే తెలుసు. ఆయన మోసం చేస్తున్నారని నేను అనడం లేదు. యెహోవా ధర్మశాస్త్రం మీద అంత ప్రేమ ఉన్న మనిషి ఈ అధ్యాయాన్ని తన కొట్లో అమలు చేస్తే సంఘమంతా ఆయన దగ్గర నేర్చుకుంటుంది. నేనూ నేర్చుకుంటాను.

ఇద్దరూ కూర్చుని గలతీయులకు రాసిన పత్రిక ఒక్క బిగిన చదవండి. ఆరు అధ్యాయాలే, గంట కూడా పట్టదు. ఫోన్ పక్కన పెట్టి, ముక్కలుగా ఏరకుండా మొదటి నుంచి చివరిదాకా చదవాలి. తర్వాత అపొస్తలుల కార్యములు 15. అప్పటికీ ఆయన శనివారం పాటిస్తానంటే పాటించనివ్వండి, భార్యగా దానికి అడ్డుపడవద్దు.

మీ పాస్టరుగారి తీర్పు కూడా నాకు సరిగా కనిపించలేదు. ధర్మశాస్త్రం వల్ల నీతిమంతులు కావాలనుకునేవాళ్లు కృపలోనుంచి తొలగిపోయారన్నది గలతీయులకు 5:4 మాట, నిజమే. ఒక రోజును ప్రత్యేకంగా ఎంచుకున్నవాడు ప్రభువు కోసమే ఎంచుకుంటాడన్నది రోమా 14:6, అది కూడా పౌలు మాటే. విశ్రాంతిదినాన్ని ఆచరించే పరదేశులను నా ప్రార్థన మందిరంలో ఆనందింపజేస్తానని యెషయా 56లో దేవుడే అన్నాడు. ఇందాక చెప్పిన జస్టిన్ ఈ సమస్య మీద కూడా రాశాడు. క్రీస్తును నమ్ముతూ మోషే ఆచారాలు పాటించేవాళ్లు, ఇతరులను బలవంతం చేయనంతకాలం, వాళ్లను సహోదరులుగానే చేర్చుకోవాలన్నాడు. వాళ్లతో పొత్తు వద్దనే క్రైస్తవులు అప్పటికే ఉన్నారు, వాళ్లతో తాను ఏకీభవించనన్నాడు. ఈ పేజీ పాస్టరుగారికి చూపించండి. ఇవి పాటించకపోతే రక్షణ లేదని సంఘంలో ఎవరికీ బోధించకూడదు, బాబు జోలికి పోకూడదు అని ఆయన మీ ఆయన దగ్గర మాట తీసుకోవచ్చు, తీసుకోవాలి. మీ ఆయన ఆ మాట ఇస్తే, తర్వాత వచ్చే ప్రభురాత్రి భోజనంలో ఆయనకు రొట్టె, ద్రాక్షారసం ఇవ్వాలని పాస్టరుగారిని నేను వేడుకున్నట్టు చెప్పండి.